మూసిన ఫిర్యాదును మేజిస్ట్రేటు మళ్లీ తెరవగలరా?

ఎల్లారెడ్డి వంటి చిన్న పట్టణంలో బెంచి మీద కూర్చునే న్యాయాధికారికి హోదాలు రెండు. దావా పిలిచినప్పుడు జూనియర్ సివిల్ జడ్జి, క్రిమినల్ కేసు పిలిచినప్పుడు జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు. వాయిదాకు వాది రాలేదని దావా కొట్టేశారనుకుందాం. జ్వరం వచ్చిందనో బస్సు తప్పిపోయిందనో కారణం చూపి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డర్ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. కారణం నమ్మదగ్గదైతే అదే జడ్జి ఆ దావాను పాత నంబరు మీదే మళ్లీ విచారణకు తీసుకుంటారు. అదే మనిషికి, అదే జ్వరం వల్ల, క్రిమినల్ ప్రైవేటు కంప్లయింటు పోయిందనుకోండి. బెంచి మీద ఉన్నది ఆ న్యాయాధికారే అయినా దాన్ని మళ్లీ తెరిచే అధికారం వారికి లేదు.

ఈ తేడా ఎందుకు వచ్చింది? తలుపు పూర్తిగా మూసుకుపోయినట్టేనా? కక్షిదారులు ఈ ప్రశ్న అడిగితే కోర్టు ఆవరణలో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ‘రీఓపెన్ పిటిషన్ వేద్దాం’ అనేవారు కొందరు, ‘కొత్తగా ఇంకో కంప్లయింటు పెడదాం’ అనేవారు కొందరు, ‘ఇక హైకోర్టే దిక్కు’ అనేవారు ఇంకొందరు. ఒక్కో సందర్భంలో వీటిలో ఒక్కోటి నిజం. ఏది ఎప్పుడు నిజమో తేలాలంటే ముందు తెలియాల్సింది ఒకటుంది: ఆ ఫిర్యాదు ఏ సెక్షన్ కింద, ఏ దశలో మూతపడింది?

డాకెట్‌లో ఒక్క మాట

కేసు కట్ట మీద మేజిస్ట్రేటు రాసే డాకెట్ ఆర్డర్‌లో ‘క్లోజ్డ్’ అనే మాట తరచు కనిపిస్తుంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ప్రైవేటు ఫిర్యాదుకు అలాంటి ముగింపే లేదు. చట్టానికి తెలిసినవి కొట్టివేత, డిశ్చార్జి, నిర్దోషిగా విడుదల, ఉపసంహరణ, రాజీ. ఒక్క ‘క్లోజ్డ్’ అన్న మాట కింద ఇవన్నీ దాక్కోవచ్చు.

సాక్ష్యం ముగిసిందని రాసినా ‘ఎవిడెన్స్ క్లోజ్డ్’ అంటారు. అప్పటికి కేసు బతికే ఉంది. ముఖ్యమైన సాక్షి మిగిలిపోతే పిలిపించే అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 311, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కొత్త సంహిత) 348 సెక్షన్ల కింద మేజిస్ట్రేటుకు నిండుగా ఉంది. మన కోర్టుల్లో రోజూ పడే ‘రీఓపెన్, రీకాల్’ పిటిషన్లు ఈ జాతివి. నిందితుడు దొరకక కేసును దీర్ఘకాలిక పెండింగు జాబితాలోకి మార్చినా అది ముగింపు కాదు. మనిషి దొరికిన రోజు కేసు మళ్లీ కదులుతుంది. ఫిర్యాది మరణించినంత మాత్రాన కేసు దానంతటదే చావదని సుప్రీంకోర్టు 1966 నుంచీ చెబుతూ వస్తోంది. వారసులు నడుపుకోవచ్చని చంద్ దేవి దాగా కేసులో మరోసారి చెప్పింది.

అసలు చిక్కు వీటితో కాదు, ఫిర్యాదే ముగిసిపోయిన సందర్భాలతో.

అధికారం ఇచ్చిన సెక్షన్ ఏది?

తాము కొట్టేసిన ఫిర్యాదును మేజిస్ట్రేటు తిరిగి తెరవరాదని కోడ్‌లో ఎక్కడా సూటిగా రాసి లేదు. దీన్ని పట్టుకునే చాలాకాలం వాదనలు నడిచాయి. నిషేధం లేదు గనుక న్యాయం కోసం తెరవచ్చన్నది ఆ వాదం. 1986లో మేజర్ జనరల్ ఎ.ఎస్. గౌరాయ కేసులో సుప్రీంకోర్టు ప్రశ్ననే తిరగేసింది. వెతకాల్సింది నిషేధం కోసం కాదని, అధికారం ఇచ్చే నిబంధన కోసమని చెప్పింది. అలాంటి నిబంధన కోడ్‌లో లేదు. కాబట్టి ఫిర్యాది రాలేదని కొట్టేసిన కేసును మేజిస్ట్రేటు పునరుద్ధరించడం చెల్లదని తేల్చింది. అంతకు పదేళ్ల ముందే బిందేశ్వరీ ప్రసాద్ సింగ్ కేసులోనూ ఇదే మాట వచ్చింది. హైకోర్టుకు స్వతస్సిద్ధ అధికారాలున్నాయి (పాత 482, కొత్త 528). మేజిస్ట్రేటుకు అవి లేవు. సంతకం పెట్టిన తుది ఉత్తర్వులో రాతపొరపాటు, లెక్కపొరపాటు దిద్దడం మించి చేయి పెట్టరాదని పాత 362, కొత్త 403 సెక్షన్లు కట్టడి చేశాయి.

ఈ తర్కానికి బలం కోడ్ లోపలే దొరుకుతుంది. మనోవర్తి కేసులో భర్త రాకపోతే ఏకపక్షంగా ఉత్తర్వు ఇచ్చే మేజిస్ట్రేటుకు, 3 నెలల్లోగా సరైన కారణం చూపితే దాన్ని రద్దు చేసే అధికారాన్ని చట్టమే ఇచ్చింది (పాత 126, కొత్త 145). శాసనకర్తలకు ఇవ్వాలనిపించిన చోట ఇచ్చారు. ప్రైవేటు ఫిర్యాదు దగ్గర ఇవ్వలేదు. 2023లో కోడ్‌ను కొత్తగా రాసినప్పుడూ ఇవ్వలేదు.

రెండో ఫిర్యాదు అనే పక్క తలుపు

పాత కట్టను తెరవలేరు, సరే. కొత్త కాగితం మీద అదే ఫిర్యాదు మళ్లీ రాసి ఇస్తే? ఈ వివాదం 1898 కోడ్ నాటిది. ప్రమాణం చేయించి వాంగ్మూలం విన్నాక ఫిర్యాదును కొట్టేసినా, ఆ ఉత్తర్వును పై కోర్టు రద్దు చేయకపోయినా, అదే మేజిస్ట్రేటు మళ్లీ వినవచ్చని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి 1905లోనే చిన్న కాళియప్ప గౌండన్ కేసులో చెప్పింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ హైకోర్టు కిందే ఉండేవి. ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతాలది నిజాం రాజ్యం, వేరే న్యాయవ్యవస్థ. బ్రిటిష్ ఇండియా కోడ్ ఇక్కడికి 1951లో గానీ రాలేదు.

దీనికి చట్టంలో ఆధారం ఉంది. ఒకసారి విచారించి విడుదల చేసిన వ్యక్తిని అదే నేరానికి మళ్లీ విచారించకూడదనే సెక్షన్ (పాత 300, కొత్త 337) కింద ఒక వివరణ కనిపిస్తుంది: ఫిర్యాదు కొట్టివేత, డిశ్చార్జి ఈ రెండూ ‘నిర్దోషిగా విడుదల’ కిందికి రావు. కాబట్టి రెండో ఫిర్యాదుకు పూర్తి అడ్డు లేదు. అలాగని అది విశృంఖలంగా ఉంటే, ఒకే గొడవ మీద ఏడాదికో ఫిర్యాదు పడుతుంది.

దీనికి హద్దు గీసింది 1961 డిసెంబరులో వచ్చిన ప్రమథనాథ్ తాలూక్దార్ తీర్పు. కలకత్తాలో ఒక సోదరుడు వేసిన ఫిర్యాదు కొట్టేశాక, కొన్నేళ్లకు ఇంకో సోదరుడు అదే విషయంపై మరో ఫిర్యాదు వేశాడు. మెజారిటీ న్యాయమూర్తులు దాన్ని ఒప్పుకోలేదు. అయితే ఏయే సందర్భాల్లో ఒప్పుకోవచ్చో చెప్పారు: మొదటి ఉత్తర్వు అసంపూర్ణ రికార్డు మీద ఇచ్చినప్పుడు, ఫిర్యాదు స్వభావాన్ని తప్పుగా అర్థం చేసుకున్నప్పుడు, ఉత్తర్వు స్పష్టంగా అసంబద్ధమో అన్యాయమో అయినప్పుడు, శ్రద్ధపెట్టినా అప్పుడు దొరకని కొత్త విషయాలు ఇప్పుడు బయటపడినప్పుడు.

ఆ తర్వాత వచ్చిన తీర్పులన్నీ ఈ హద్దు చుట్టూ తిరిగినవే. యోగ్యత చూడకుండా, ఫిర్యాది రాలేదన్న ఒక్క కారణంతో కొట్టేస్తే అదే విషయంపై మళ్లీ రావచ్చని 2001లో జతీందర్ సింగ్ కేసు చెప్పింది. యోగ్యత మీద కొట్టేసి, ఆ ఉత్తర్వు పై కోర్టుల్లోనూ నిలిచాక మళ్లీ రావడం కుదరదని పూనమ్ చంద్ జైన్ కేసు చెప్పింది. 2020లో సమతా నాయుడు కేసు మరో అడుగు వేసింది. రెండో ఫిర్యాదుకు నాలుగు కొత్త కాగితాలు జతచేసినంత మాత్రాన చాలదు, ఆరోపణ మూలం ఒకటే అయితే అది పాత ఫిర్యాదేనంది.

వీటన్నిటి సారాన్ని ఊరి మాటలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ‘నా మాట విననే లేదు’ అనేవాడికి రెండో ఫిర్యాదు ఉంది. ‘విన్నారు గాని ఒప్పుకోలేదు’ అనేవాడు పై కోర్టులో రివిజన్‌కు వెళ్లాలి.

రెండో ఫిర్యాదు వేసేవారు కాలపరిమితి మరవకూడదు. ఏడాది లోపు శిక్ష పడే నేరాలకు ఏడాది, మూడేళ్ల లోపు శిక్ష పడేవాటికి మూడేళ్లు గడువు (పాత 468, కొత్త 514). మొదటి ఫిర్యాదును శ్రద్ధగా నడిపిన కాలాన్ని షరతులకు లోబడి మినహాయించమని కోరవచ్చు. చెక్కు బౌన్సు కేసులో గడువు ఇంకా ఇరుకు. నోటీసు గడువు ముగిశాక ఒక నెలలోపే ఫిర్యాదు వేయాలి. ఆలస్యాన్ని మన్నించే వీలున్నా తగిన కారణం చూపాలి.

పోలీసు స్టేషన్‌కు వెళ్లి వచ్చిన ఫిర్యాదు

తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఎక్కువగా కనబడే రకం ఇది. ఫిర్యాది కోర్టుకు వస్తాడు, మేజిస్ట్రేటు పాత 156(3), కొత్త 175(3) కింద దాన్ని పోలీసులకు పంపుతారు. కోర్టు పుస్తకంలో ఆ కాగితం అక్కడితో ముగిసినట్టు రాసుకుంటారు. కొన్ని నెలల తర్వాత ‘తప్పుడు కేసు’ అనో ‘సివిల్ వివాదం’ అనో రిఫర్ చేస్తూ పోలీసుల తుది నివేదిక వస్తుంది.

ఇలా పంపడం ఏ దశలో జరుగుతుందన్న దానిపై ప్రామాణికమైన తీర్పు మన దగ్గరి నుంచే వెళ్లింది. 1975లో ధర్మవరం మేజిస్ట్రేటు ముందుకు వచ్చిన ఒక ఫిర్యాదు, దేవరపల్లి లక్ష్మీనారాయణ రెడ్డి కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. నేరాన్ని విచారణకు స్వీకరించక ముందే ఫిర్యాదును పోలీసులకు పంపడం వేరు, స్వీకరించాక విచారణలో భాగంగా దర్యాప్తు చేయించడం వేరు అని ఆ తీర్పు విడదీసింది. మొదటి పద్ధతిలో పంపితే ఫిర్యాదు మీద ఇంకా ఏ నిర్ణయమూ జరగనట్టే. కనుక కోర్టు పుస్తకంలో ‘క్లోజ్డ్’ అని ఉన్నా ఫిర్యాది హక్కు పోదు.

తుది నివేదిక వచ్చినప్పుడు దాన్ని ఒప్పుకునే ముందు ఫిర్యాదికి నోటీసు ఇవ్వాలని 1985లో భగవంత్ సింగ్ కేసు నిర్దేశించింది. మన వైపు ‘రిఫర్డ్ నోటీసు’ అంటారు. అది చేతికి వచ్చాక, పోలీసు నివేదికను ఒప్పుకోవద్దంటూ ప్రొటెస్ట్ పిటిషన్ వేయవచ్చు. మేజిస్ట్రేటు నివేదికను తోసిపుచ్చవచ్చు, ఇంకా దర్యాప్తు చేయమనవచ్చు, ప్రొటెస్ట్ పిటిషన్‌నే ఫిర్యాదుగా తీసుకుని వాంగ్మూలం నమోదు చేయవచ్చు. అయితే ఆ పిటిషన్‌లో ఫిర్యాదుకు ఉండాల్సిన వివరాలుంటేనే అలా చేయాలని 2019లో విష్ణు కుమార్ తివారీ కేసు చెప్పింది. పోలీసు నివేదిక తప్పు అని రెండు వాక్యాలు రాసి సంతకం పెడితే చాలదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో, సాక్షులెవరో అందులో రాయాలి.

నివేదికను ఒప్పుకున్నాక మళ్లీ ఫిర్యాదు వేస్తే? ఈ ప్రశ్న కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన మహేశ్ చంద్ కేసులో తేలింది. 2002 డిసెంబరు నాటి ఆ తీర్పు ప్రకారం రెండో ఫిర్యాదుకు సంపూర్ణ నిషేధం లేదు, అసాధారణ పరిస్థితుల్లో స్వీకరించవచ్చు. కానీ ప్రొటెస్ట్ పిటిషన్‌ను కూడా యోగ్యత మీద కొట్టేశాక అదే ఆరోపణతో మళ్లీ వస్తే కుదరదని 2024లో సుబ్రత చౌధురి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ రెండు తీర్పులకూ పొత్తు కుదరదనేవారున్నారు. నిజానికి రెండిటినీ నడిపించిన సూత్రం ఒకటే: ఫిర్యాది మాటను ఏ కోర్టయినా ఒకసారి నిజంగా విన్నదా, లేదా?

ఒక్క వాయిదాకు రాకపోతే

సమన్లు జారీ అయ్యాక లెక్క మారిపోతుంది. చెక్కు బౌన్సు, పరువునష్టం, మామూలు కొట్లాట వంటి సమన్స్ కేసుల్లో ఫిర్యాది రాకపోతే పాత 256, కొత్త 279 కింద నిందితుణ్ని ‘నిర్దోషిగా’ విడుదల చేయాలి. సాక్ష్యం ఒక్క ముక్క వినకపోయినా అది నిర్దోషిత్వమే. ఆ తర్వాత రెండో ఫిర్యాదుకు చోటు లేదు. అదే మోసం వంటి వారంట్ కేసులో, రాజీపడదగ్గ నేరమో పోలీసులు నేరుగా కేసు పెట్టలేని నేరమో అయి, అభియోగం నమోదు కాకముందు ఫిర్యాది రాకపోతే జరిగేది డిశ్చార్జి (పాత 249, కొత్త 272). అక్కడ మళ్లీ రావడానికి దారి ఉంది. చిన్న నేరంలో తలుపు పూర్తిగా మూసుకుపోవడం, పెద్ద నేరంలో ఓరగా తెరిచి ఉండడం ఈ చట్టంలోని విచిత్రం.

ఒక్క రోజు గైర్హాజరుతో కేసు పోగొట్టడం కఠినమని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. ఆ రోజు ఫిర్యాది ఉండటం నిజంగా అవసరమా అని మేజిస్ట్రేటు ఆలోచించాలని అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీ కేసులోనూ, ఒక్క వాయిదా తప్పినందుకు కొట్టేయడం సరికాదని 2002లో మహమ్మద్ అజీమ్ కేసులోనూ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఈ మాటను చట్టంలోకి తెచ్చింది. ఫిర్యాది రాకపోతే 30 రోజుల గడువు ఇచ్చాకే 279 కింద విడుదల, 272 కింద డిశ్చార్జి చేయాలి. మూసిన తలుపు తెరిచే అధికారం ఇవ్వలేదు గాని, మూసే ముందు నెల రోజులు ఆగమంది. ఆ తేదీ నాటికే విచారణలో ఉన్న కేసులు పాత కోడ్ కిందే నడుస్తాయి కాబట్టి, వాటికి ఈ గడువును హక్కుగా అడగడం కష్టం.

మరో పొరపాటు కూడా జరుగుతుంటుంది. కేసు ఎంతకూ కదలడం లేదని 258 (కొత్త 281) కింద ‘ప్రొసీడింగ్స్ స్టాప్డ్’ అని మేజిస్ట్రేట్లు రాసేయడం. ఫిర్యాదు మీద నడిచే కేసులకు ఆ సెక్షన్ వర్తించదని జాన్ థామస్ కేసులోనూ, చెక్కు కేసుల సత్వర విచారణపై 2021 ఏప్రిల్ 16న ఇచ్చిన తీర్పులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి ఉత్తర్వు మీద పై కోర్టుకు వెళితే నిలిచే అవకాశం తక్కువ.

లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి మూతపడిన కేసు సంగతి వేరు. ఒప్పుకున్న డబ్బు ఇవ్వకపోతే క్రిమినల్ కేసు తెరిపించే పని లేదు. చెక్కు కేసులోని అవార్డు అయినా సివిల్ డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చని గోవిందన్ కుట్టి మేనోన్ కేసు చెప్పింది.

నిందితుడికీ అదే కట్టడి

ఈ నియమం ఫిర్యాదికే చేదు అనుకుంటే పొరపాటు. ఒకప్పుడు సమన్లు అందుకున్న నిందితుడు నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికే వెళ్లి ‘నా మీద కేసు లేదు, సమన్లు వెనక్కి తీసుకోండి’ అని అడిగే వీలుండేది. 1991లో కె.ఎం. మాథ్యూ కేసు ఆ దారి చూపింది. 2004లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అదాలత్ ప్రసాద్ కేసులో దాన్ని మూసేసింది. సమన్లు జారీ చేసిన మేజిస్ట్రేటు వాటిని తామే రద్దు చేయలేరు, నిందితుడు పై కోర్టుకు వెళ్లాలి అంది. చెక్కు కేసులపై వచ్చిన 2021 తీర్పు దీన్నే సమర్థించింది. తన సంతకం తానే తుడిచేసే వీలు మేజిస్ట్రేటుకు ఇవ్వకపోవడం ఇరుపక్షాలకూ సమానంగా వర్తిస్తుంది. ఫిర్యాదిని ఇబ్బంది పెట్టే ఆ గోడే మరో రోజు అతని సమన్లను కాపాడుతుంది.

కొత్త సంహితలోని 223 సెక్షన్ ఇంకో మార్పు తెచ్చింది. ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఇరుపక్షాలనూ విని కొట్టేసిన ఫిర్యాదుకు ‘అసంపూర్ణ రికార్డు’ అన్న సాకు మిగలదు గనుక, ముందుముందు రెండో ఫిర్యాదు దారి ఇంకా ఇరుకవుతుందని నా అంచనా.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, అక్కణ్నుంచి హైదరాబాదుకు

కింది కోర్టు తెరవలేనిది పై కోర్టు తెరుస్తుంది. వాంగ్మూలం విన్నాక కొట్టేసిన ఫిర్యాదు (పాత 203, కొత్త 226), ప్రాసెస్ ఫీజు కట్టలేదని కొట్టేసిన ఫిర్యాదు, డిశ్చార్జి, ఈ మూడింటి మీద సెషన్స్ కోర్టులో రివిజన్ వేయవచ్చు. గడువు 90 రోజులు. మరింత విచారణ జరపమని ఆదేశించే అధికారం సెషన్స్ జడ్జికి ఉంది (పాత 398, కొత్త 439). అయితే నిందితుణ్ని వినకుండా ఫిర్యాది పక్షాన ఉత్తర్వు ఇవ్వరాదని 2012లో మన్‌హరిభాయ్ కాకడియా కేసు చెప్పింది.

ఇక్కడ భూగోళం కూడా మాట్లాడుతుంది. కామారెడ్డి 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా అయింది. న్యాయ జిల్లా కావడానికి 2022 జూన్ 2 దాకా ఆగింది. ఆ రోజు తెలంగాణలో న్యాయ జిల్లాలు 33కు పెరిగాయి. అంతవరకు జిల్లా కోర్టు అంటే నిజామాబాదే. ఇప్పుడు ఎల్లారెడ్డి కోర్టు ఉత్తర్వు మీద రివిజన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కామారెడ్డి చాలు. కానీ సమన్స్ కేసులో గైర్హాజరుతో వచ్చిన ‘నిర్దోషిగా విడుదల’ మీద ఫిర్యాది అప్పీలు చేయాలంటే ప్రత్యేక అనుమతి కోరుతూ హైకోర్టుకు, అంటే హైదరాబాదుకు, 60 రోజుల్లోగా వెళ్లాలి. వాయిదాకు ఎల్లారెడ్డి చేరలేకపోయిన మనిషిని హైదరాబాదు రమ్మనడమన్నమాట. 2025 ఏప్రిల్‌లో సెలెస్టియమ్ ఫైనాన్షియల్ కేసు చెక్కు కేసుల్లో ఫిర్యాదికి దీన్నుంచి ఊరటనిచ్చింది. చెక్కు చెల్లక నష్టపోయినవాడు ‘బాధితుడే’ గనుక ప్రత్యేక అనుమతి లేకుండానే అప్పీలు చేసుకోవచ్చంది. అతని అప్పీలు సెషన్స్ కోర్టులోనే పడుతుంది.

ఇవ్వాలా, వద్దా?

మేజిస్ట్రేటుకు పునరుద్ధరణ అధికారం ఇస్తే నిందితుడికి నిలకడ ఉండదన్న భయం తోసిపుచ్చదగ్గది కాదు. పగ తీర్చుకోవడానికి ప్రైవేటు ఫిర్యాదులు వేసేవారు ఏ ఊళ్లోనైనా ఉంటారు. ఒకసారి ముగిసిందనుకున్న కేసు పిటిషన్ మీద పిటిషన్‌తో మళ్లీ మళ్లీ లేస్తుంటే అదే శిక్ష అవుతుంది. యోగ్యత చూసి కొట్టేసిన ఫిర్యాదును, నిర్దోషిగా తేలిన కేసును మేజిస్ట్రేటు చేతికి తిరిగి ఇవ్వకూడదు. ఆ పని పై కోర్టులదే.

కానీ సమన్లు కూడా వెళ్లక ముందే, కేవలం గైర్హాజరు వల్లో ప్రాసెస్ ఫీజు కట్టనందువల్లో కొట్టేసిన ఫిర్యాదు సంగతి అలా కాదు. అక్కడ నిందితుడి మీద అసలు విచారణ ఇంకా మొదలు కాలేదు. రెండో ఫిర్యాదు వేయడానికి చట్టం ఎలాగూ అభ్యంతరం చెప్పడం లేదు. అలాంటప్పుడు 30 రోజుల్లోగా కారణం చూపితే పాత నంబరు మీదే తెరిచే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇస్తే నష్టపోయేవారెవరూ లేరు. కాలపరిమితి చిక్కు తప్పుతుంది. మళ్లీ వాంగ్మూలం, మళ్లీ ఖర్చు తప్పుతాయి. మనోవర్తి కేసుల్లో ఇచ్చిన నమ్మకాన్నే ఇక్కడా ఇవ్వడానికి ఒక చిన్న సవరణ చాలు.

ఆ సవరణ వచ్చేదాకా చేయగలిగినవి రెండున్నాయి. మేజిస్ట్రేట్లు డాకెట్‌లో ‘క్లోజ్డ్’ అని రాసి వదిలేయకుండా, ఏ సెక్షన్ కింద, ఏ కారణంతో ముగిస్తున్నారో రాయాలి. ఫిర్యాది దారి మొత్తం ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. ఇక కక్షిదారులు, కేసు పోయిందని తెలిసిన రోజే ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోండి. అందులో సెక్షన్ నంబరు చూడండి. రీఓపెన్ పిటిషనా, రెండో ఫిర్యాదా, రివిజనా, అప్పీలా అన్నది ఆ నంబరే చెబుతుంది. గడువు లెక్క ఉత్తర్వు తేదీ నుంచే మొదలైపోయి ఉంటుంది.